జేబులో ఫ్యూజు

నన్ను ఆ ఫ్యాక్టరీలో పనిలోకి తీసుకున్నది నా పని చూసి కాదు, నా కాగితం చూసి. ఈ ముక్క మొదట్లోనే చెప్పేస్తే నాకు మనసు తేలికపడుతుంది.

తొంభైల మధ్యలో సంగతి. కైకలూరు దాటి కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. అప్పటికే మా వైపు వరి చేలు ఒక్కొక్కటిగా చేపల చెరువులు అయిపోతున్నాయి. పట్టిన చేపను పట్టినట్టే ఐసు పొడిలో పేర్చి లారీ ఎక్కించాలి, అది కలకత్తా దాకా చెడకుండా వెళ్ళాలి. ఒక్కపూట ఐసు ఆగిందంటే రోడ్డు పొడుగునా లారీలు, లారీల మీద కాకులు, కాకుల కంటే గట్టిగా అరిచే డ్రైవర్లు. ఆ అరుపులన్నీ చివరికి చేరేది కరెంటు పని చేసేవాళ్ళ దగ్గరికే.

మాది కొల్లేటి మీద బతికిన కుటుంబం. నాన్న వల వేస్తే, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలు అమ్మేది. నేను గుణదలలో పిన్ని ఇంట్లో ఉండి బెజవాడలో ఐటిఐ ఎలక్ట్రీషియన్ చదివాను. క్లాసు మొత్తానికి ఆడపిల్లలం ముగ్గురం. చదువయ్యాక పరీక్ష రాసి వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకున్నాను. మా ఊళ్ళో దాన్ని లైసెన్సు అనేవాళ్ళు. అమ్మ ఆ కాగితాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. చదువు రాదు కనుక ఒక్కోసారి తలకిందులుగా చూపించేది. సరిచేయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

అదే రోజుల్లో ఆ ఐసు ఫ్యాక్టరీకి ప్రభుత్వం తరఫున తనిఖీ చేసే అధికారి వచ్చి, లైసెన్సున్న మనిషి ఒక్కరైనా లేకుండా ఇంత పెద్ద కనెక్షను నడపడానికి వీల్లేదని చెప్పి వెళ్ళాడట. వారం తిరక్కుండా నాకు కబురొచ్చింది. ఓనరు గారు నా పర్మిట్ కాగితాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, దానికి ఫ్రేము కట్టించి ప్యానెలు గదిలో గోడకి మేకు కొట్టించారు.

"నువ్వు ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చో అమ్మాయ్. గంటకోసారి మీటరు చూసి రీడింగు రాసుకో. మోటార్ల జోలికి మాత్రం పోబాకు, బట్టలకి గ్రీజు అంటిద్ది. అదంతా మేస్త్రి చూసుకుంటాడు," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గ్రీజు అంటని ఎలక్ట్రీషియన్ అంటే ఈత రాని చేపపిల్ల లాంటిది. కానీ ఉద్యోగం కొత్త, నోరు పాతది. మొదటిరోజే నోరు పారేసుకుంటే అమ్మ ఊరుకోదని నోరు మూసుకున్నాను. పది రోజులు మీటరు రీడింగులు రాసి రాసి, నా లైసెన్సూ నేనూ ఒకే పని చేస్తున్నామని అర్థమైంది. అది గోడకి ఉంది, నేను కుర్చీలో ఉన్నాను, అంతే తేడా.

మేస్త్రి గారి గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు, ఎప్పుడూ ఖాకీ చొక్కా. కుడిచేతి మీద చర్మం కాలి నున్నగా మెరిసేది, చివరి రెండు వేళ్ళు వంగేవి కావు. సంతకం తప్ప అక్షరం రాదు. ఆ ఫ్యాక్టరీలో మొదటి మోటారు దింపిన రోజు నుంచి ఇరవై నాలుగేళ్ళుగా ఆయనే అన్నీ. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "ఇది ఇంకో నెల ఆడిద్ది" అనేవాడు. సరిగ్గా నెలకి అది గీపెట్టేది. మోటారు వేడెక్కిందో లేదో చూడాలంటే అరచెయ్యి పెట్టేవాడు కాదు, చేతి వెనకభాగం ఆనించేవాడు. షాకు కొడితే చెయ్యి ముడుచుకుంటుంది, అరచెయ్యి పెడితే మోటారును పట్టేసుకుంటుంది, చేతి వెనకయితే విడిపోతుంది. ఇది నాకు ఐటిఐలో ఎవరూ చెప్పలేదు.

ఆయనకి ఇంకో అలవాటు ఉంది. ఏ మోటారు మీద పని ఉన్నా, ముందు ప్యానెలు దగ్గరికి వెళ్ళి ఆ మోటారు ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. తెల్లటి పింగాణీ ఫ్యూజులు, కిట్‌క్యాట్ ఫ్యూజులంటారే అవి, ఒక్కోటి పిడికెడు. పని పూర్తయ్యాక తనే తీసి తన చేత్తోనే తిరిగి పెట్టేవాడు. ఆ బరువుకి ఆయన చొక్కా జేబు ఎప్పుడూ చిరిగేది. వాళ్ళావిడ ప్రతి చొక్కాకీ జేబు రెండు వరసలు కుట్టించేదట. ఐసు డబ్బాలు ఎత్తేవాళ్ళు "మేస్త్రి గారి గుండె పింగాణీది" అని నవ్వేవాళ్ళు.

రెండు నెలలు తిరిగాయి. అదే తనిఖీ అధికారి చెప్పకుండా మళ్ళీ వచ్చాడు. వచ్చేసరికి మేస్త్రి గారు స్టార్టరు విప్పుకుని ప్యానెలు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను ఆఫీసులో ఫ్యాను కింద ఉన్నాను.

"మీ లైసెన్సు ఏదండీ?" అని ఆయన్ని అడిగాడు అధికారి.

మేస్త్రి గారు గోడ మీద నా ఫ్రేము వైపు చూశాడు. అందులో నా ఫొటో ఉంది, రెండు జడలతో. అధికారి ఆ ఫొటోనీ, మేస్త్రి గారి మీసాలనీ మార్చి మార్చి చూశాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ ఆ పూట ఎవరికీ రాలేదు.

అధికారి వెళ్ళాక ఓనరు గారు తేల్చి చెప్పేశారు. వేసవిలో బెజవాడలో వైర్‌మన్ పరీక్ష ఉంది. అందులో మేస్త్రి గారు పాసయితే ప్యానెలు గదిలో ఉంటాడు, లేకపోతే ఐసు దిమ్మలు లాగే పనికి పోవాలి. అప్పటిదాకా ఆయన ఏం చేసినా లైసెన్సున్న నా కళ్ళ ముందే చెయ్యాలి. వంగని రెండు వేళ్ళతో ఐసు దిమ్మలు! ఆ మాట విని మేస్త్రి గారు ప్యానెలు గదిలోకి వెళ్ళి, శుభ్రంగా ఉన్న ప్యానెలునే గుడ్డ పెట్టి మళ్ళీ తుడిచాడు.

మర్నాడు నేనే వెళ్ళి అడిగాను. "బాబాయ్, పరీక్షకి నేను చదివిస్తాను. రాత అక్కర్లేదు, ప్రశ్నలు నోటితో తెలుగులోనే అడుగుతారు. చేత్తో చేసేది మీకు వచ్చిందే గదా."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వు నాకు నోరు నేర్పు. నేను నీకు చెయ్యి నేర్పుతా. ఊరికే నేర్చుకుంటే నాకు వంటబట్టదు," అన్నాడు.

అలా మొదలైంది మా బడి. పొద్దున నేను ఆయన శిష్యురాలిని. చీర కొంగు దోపుకుని, ఒక పాత ఖాకీ చొక్కా పైన వేసుకుని, మోటార్ల కిందికి దూరేదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన నాకు శిష్యుడు. ఐసు డబ్బాలు ముంచే ఉప్పునీళ్ళ ట్యాంకు మీద చెక్కలు పరిచి ఉంటాయి. ఎండాకాలంలో ఫ్యాక్టరీ మొత్తానికి చల్లటి చోటు అదే. అక్కడ కూర్చునేవాళ్ళం. కింద డబ్బాల్లో నీళ్ళు గడ్డ కడుతుంటే పైన మేస్త్రి గారికి చెమటలు పట్టేవి.

"వోల్టేజి అంటే ఏంటి బాబాయ్?"

"ముట్టుకుంటే తెలిసేది."

"అలా చెప్తే తన్ని పంపిస్తారు. లాకుల దగ్గర కాలవ చూశారుగా? ఇటు నీళ్ళు ఎత్తు, అటు పల్లం. ఆ తేడా ఉందే, అది వోల్టేజి. తలుపు తీస్తే పారేది కరెంటు."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నేను ఇన్నాళ్ళూ లాకు సూపర్వైజర్నా!" అన్నాడు సంబరంగా. ఆ రోజంతా కనిపించిన ప్రతివాడికీ కాలవ కథ చెప్పాడు. ఐసు డబ్బాలు ఎత్తేవాళ్ళకి కూడా వోల్టేజి అంటే ఏంటో తెలిసిపోయింది.

"ఎర్తింగు ఎందుకు చేస్తారు?"

"చెయ్యకపోతే చస్తారు గనక."

ఈ ఒక్క జవాబు మాత్రం నేను ఎన్ని విధాల చెప్పినా మార్చలేకపోయాను. నిజం చెప్పొద్దూ, పుస్తకంలో అరపేజీ రాసింది కూడా ఇదే.

ఆయన చెప్పే పాఠాలు వేరే రకం. వైరు కొస చెక్కేటప్పుడు రాగి మీద కత్తి గాటు పడితే మొత్తం కోసి మళ్ళీ చెక్కించేవాడు. మొదటిసారి నేను కనెక్షను ఇచ్చిన పంపు తిరగాల్సిన వైపు కాక రెండో వైపు తిరిగి, నీళ్ళు తోడడం మానేసి గుటకలు వేసింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, "రెండు వైర్లు అటుదిటు మార్చు, బుద్ధిగా తిరిగిద్ది. మనుషుల్నయితే ఇంత తేలిగ్గా తిప్పలేం," అన్నాడు. ఆ పంపు సరిగ్గా తిరిగి నీళ్ళు ఎగజిమ్మినప్పుడు నేను చేసిన గంతుకి చెక్కలు కదిలాయి. అంత ఆనందం నాకు పర్మిట్ వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఇలా ఉండగా ఐసు పొడి కొట్టే మిషను దగ్గర పనిచేసే ఒక అక్క నన్ను పక్కకి పిలిచింది. "పిచ్చిదానా, నిన్ను పెట్టుకుంది లైసెన్సు కోసం. ఆ లైసెన్సు ఆయనకే వస్తే నువ్వెందుకే ఓనరుకి? ఇద్దరికి జీతమిస్తాడా?" అంది.

నాకు ఆ ఆలోచన అంతవరకూ రాలేదు. వచ్చాక మాత్రం పోలేదు. అబద్ధమెందుకు, రెండు రోజులు పాఠం చెప్పడానికి వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పి ఆఫీసు గదిలోనే కూర్చున్నాను. మూడో రోజు వేరే పని మీద ప్యానెలు గదిలోకి వెళితే నేల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద పెద్ద కంప్రెసరు స్టార్టరు విడిభాగాలు, తుడిచి, వరసగా, దేని తర్వాత ఏది బిగించాలో ఆ క్రమంలో పేర్చి ఉన్నాయి. మిషను స్పేరు స్టార్టరు మీద నడుస్తోంది.

"ఇదేంటి బాబాయ్, ఇంకా బిగించలేదా?"

"నువ్వు నేర్చుకోవాల్సిన అసలు ముక్క ఇదే గదమ్మా. తలనొప్పి తగ్గనియ్యి, నువ్వే బిగిద్దువుగాని. రెండ్రోజుల్నుంచి ఎవర్నీ ఇటు రానియ్యట్లా, కాలు తగిలి మరలు చెదిరిపోతాయని," అన్నాడు.

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పూటే కూర్చుని స్టార్టరు బిగించాను. మధ్యాహ్నం కరెంటు వైర్ల సైజుల పాఠం రెండింతలు చెప్పాను. నా ఉద్యోగం ఏమైతే అయింది, ఈ మనిషి చేత ఐసు దిమ్మలు లాగించకూడదు అని గట్టిగా అనుకున్నాను.

పరీక్ష రోజు రానే వచ్చింది. తోడుగా నేనూ వెళ్ళాను. బెంజ్ సర్కిల్ దాటాక లోపలి వీధిలో రేకుల షెడ్డు, దానికి ఆనుకుని ఆఫీసు గది. పరీక్షకి వచ్చినవాళ్ళు ముప్పై మంది దాకా ఉన్నారు, చాలామంది కుర్రాళ్ళు. మేస్త్రి గారు ఉతికి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు లోపలికి వెళ్ళాడు. నేను బయట అరుగు మీద కూర్చున్నాను.

అరగంటకి ఆఫీసు గదిలోంచి "కరెంటు పోయింది" అని ఎవరో అరిచారు. వేసవిలో బెజవాడలో కరెంటు పోవడం వింత కాదు కనుక ఎవరూ పట్టించుకోలేదు. పరీక్ష చేసే ఆయన కుర్చీ తెచ్చుకుని వరండాలో వేసుకుని, నోటి ప్రశ్నలు అక్కడే మొదలుపెట్టాడు. మేస్త్రి గారు ముందు వరసలో ఉన్నాడు. లాకులు, కాలవ అని చేతులు ఊపుతూ చెప్పడం నాకు కనిపించింది. ఎర్తింగు దగ్గర ఏం చెప్పాడో ఆయన పెదాలు చూస్తేనే తెలిసింది. కళ్ళు మూసుకున్నాను.

బయటికి వచ్చి, "వైరింగు చూశారమ్మా, బానే ఉందన్నారు. బల్బు వెలిగించి చూద్దామంటే కరెంటు లేదు. సర్లే, కనెక్షన్లు చూస్తే తెలుస్తోంది, నువ్వెళ్ళు అన్నారు," అన్నాడు. తర్వాత నుదురు తుడుచుకుంటూ, "పరీక్ష రోజున కూడా తీసేస్తారు, దొంగ సచ్చినోళ్ళు. వెనకాల పాపం పాతికమంది ఉన్నారు, అందర్నీ ఆపేశారు," అని కరెంటు వాళ్ళని మనసారా తిట్టాడు.

ఎదురుగా జ్యూసు షాపులో మిక్సీ తిరుగుతోంది. మేమిద్దరం ఆ షాపులోనే బత్తాయి రసం తాగాం. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని, ఆ మిక్సీ తిరగడం కళ్ళారా చూస్తూ, ఊరంతా కరెంటు లేదనే అనుకున్నాను. ఇప్పటికీ ఈ సంగతి చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

గుడివాడ బస్సెక్కాం. కంకిపాడు వస్తుండగా మేస్త్రి గారు వక్కపొడి పొట్లం కోసం జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా బయటికి తీస్తే, చేతిలో తెల్లటి పింగాణీ ఫ్యూజు.

నేను దాన్ని చూశాను. ఆయన దాన్ని చూశాడు. పక్క సీట్లో కోడిపెట్టను ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ కూడా చూసింది.

"మనదా?" అన్నాను, ఇంకా ఆశ చావక.

"మనది కాదమ్మా. ఆళ్ళ షెడ్డుది. నా బల్ల కాడ వైరు ముట్టుకోబోయే ముందు గోడ మీద బోర్డు కాడికెళ్ళి పీకా. నాకు తెలీకుండానే పీకా. ఆ గదికీ, ఈ బల్లలకీ అన్నిటికీ అదే ఫ్యూజు అయ్యుంటది." ఆయన మొహం పాలిపోయింది. "నేను తిట్టింది నన్నేనమ్మా!"

నాకు నవ్వు ఆగలేదు. బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. "నవ్వబాకమ్మాయ్. అక్కడ ఖాళీ గూట్లో ఎవడో ఒకడు రాగితీగ చుట్టి దూర్చేస్తాడు. వేళ్ళు పోతాయి. దిగు, దిగు," అని కండక్టరు విజిలు ఊదకముందే లేచి నిలబడ్డాడు.

నాకు అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. "వెనక్కి వెళితే ఒప్పుకోవాలి బాబాయ్. పరీక్ష ఆపింది మనమే అని తెలిస్తే ఫెయిలు చేసేస్తారు. ఇరవై నాలుగేళ్ళ పని పోతుంది."

"పనిదేముంది, ఐసన్నా లాగుతా. పోయిన వేళ్ళు నేను తెచ్చివ్వగలనా?" అన్నాడు. బస్సు ఆగింది. రోడ్డు దాటి బెజవాడ వైపు వెళ్ళే బస్సు పట్టుకున్నాం. దారి పొడుగునా ఆయన ఆ ఫ్యూజును రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు.

షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ జాతరలా ఉంది. కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన లైన్‌మన్ ఒకడు "మా లైను బ్రహ్మాండంగా ఉందండీ" అని వాదిస్తున్నాడు. పరీక్ష చేసే ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, చేతిలో అట్టతో విసురుకుంటున్నాడు. లోపల గోడ మీద బోర్డు ముందు ఒక అభ్యర్థి స్టూలు ఎక్కి, రాగితీగ మెలిపెట్టి ఖాళీ గూట్లో పెట్టబోతున్నాడు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

"ఆగరా!" అని మేస్త్రి గారు వేసిన కేక కంప్రెసరు హోరులో కేకలేసి అలవాటైన గొంతుది. షెడ్డు మొత్తం ఉలిక్కిపడింది. ఆ కుర్రాడు స్టూలు మీంచి దూకేశాడు. మేస్త్రి గారు స్టూలెక్కి ఫ్యూజును గూట్లో నొక్కాడు. ఆఫీసు గదిలో ఫ్యాను తిరిగింది. బల్లల మీద బల్బులు వరసగా వెలిగాయి. ఆయన వైరింగు చేసిన బల్బు కూడా అప్పుడే వెలిగింది. దాన్ని చూసి ఒక్క క్షణం సంతోషపడ్డాడు, నేను గమనించాను.

పరీక్ష చేసే ఆయన లోపలికి వచ్చాడు. "ఫ్యూజు తీసింది నువ్వా?"

"నేనేనండి."

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదండి. తప్పయింది."

"తీసినవాడివి జేబులో ఎందుకు వేసుకున్నావయ్యా? పక్కన పెట్టి, పని జరుగుతోందని బోర్డు మీద రాసి తగిలించాలి గదా?"

మేస్త్రి గారు కాలిన చెయ్యి ముందుకు చాపాడు. "రాత రాదండి. ఇరవయ్యేళ్ళ కింద మోటారు విప్పుతుంటే, ఎవరో పాపం తెలీక స్విచ్చేశాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, నేనూ రాసి పెట్టలేదు. అప్పట్నుంచి ఫ్యూజు నా జేబులో ఉంటేనే నేను చెయ్యి పెట్టేది. నా పేణం ఇంకోడి చేతిలో పెట్టడం మానేశానండి."

పరీక్ష చేసే ఆయన ఆ చెయ్యి వైపు చాలాసేపు చూశాడు. చివరికి, "రెండు గంటలు నన్ను ఉడకబెట్టావు. ఫ్యూజు తీసేటప్పుడు పదిమందికి వినపడేలా చెప్పు. ఇక వెళ్ళు," అన్నాడు. పాసో ఫెయిలో ఏమీ చెప్పలేదు. మేం గేటు దాటుతుంటే వెనక నుంచి, "జేబులు చూసుకుని వెళ్ళండి!" అని కేకేశాడు.

తిరుగు ప్రయాణంలో కంకిపాడులో దిగి వేడివేడి పునుగులు తిన్నాం. మేస్త్రి గారు ఫెయిలయ్యానని నిర్ణయించేసుకున్నాడు. అయినా ఎంత తేలిగ్గా ఉన్నాడో! రెండో ప్లేటు కూడా చెప్పాడు. పునుగు అల్లం చట్నీలో ముంచుతూ, "కుర్రాడి వేళ్ళు దక్కాయి. చాల్లే," అన్నాడు.

ఆరేడు వారాలు గడిచాయి. ఫ్యాక్టరీలో ఈ కథ ఎలా తెలిసిందో నాకు తెలియదు, అంటే నేనే చెప్పాను. అందరూ రోజూ సాయంత్రం మేస్త్రి గారు గేటు దాటేటప్పుడు జేబులు తడిమి పంపేవాళ్ళు. ఆయన కూడా ఫ్యూజు పీకినప్పుడల్లా "తీస్తన్నా! అందరూ వినండహో!" అని దండోరా వేసినట్టు అరవడం మొదలుపెట్టాడు. ఆ అరుపు వినగానే ఐసు పొడి కొట్టే ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

ఒకరోజు పోస్టులో గోధుమరంగు కవరు వచ్చింది. మేస్త్రి గారు దాన్ని నాకిచ్చి అటు తిరిగి నిలబడ్డాడు. చించి చూస్తే పర్మిట్. మీసాలతో ఆయన ఫొటో, కింద ఆయన సంతకం. "బాబాయ్, పాస్!" అని నేను అరిచిన అరుపుకి డబ్బాలు ఎత్తేవాళ్ళు డబ్బాలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఎవరో ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎవరో ఐసు పొడి పిడికిళ్ళతో తీసి ఆయన మీద చల్లారు. మండుటెండలో ఆ మనిషి ఖాకీ చొక్కా నిండా తెల్లటి ఐసు. ఆయన ఏడుస్తున్నాడో కరిగిన ఐసు కారుతోందో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను, దాచుకోకుండా.

ఆ సాయంత్రమే ఓనరు గారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. పర్మిట్ చూసి మేస్త్రి గారి వీపు తట్టారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మంచి పని చేశావమ్మాయ్. ఇప్పుడు ఆయనకీ లైసెన్సొచ్చింది గనక, ఇక ఒక్కరు చాలు మనకి. నెలాఖరు దాకా ఉండు. బెజవాడలో నీకేం, బోలెడు పనులు దొరుకుతాయి."

తెలిసిన మాటే. ఎన్నోసార్లు మనసులో విని సిద్ధపడిన మాటే. అయినా ఏదో గట్టిగా అందామని నోరు తెరిచాను. నాకంటే ముందు మేస్త్రి గారు మాట్లాడాడు.

"ఒక్కరు చాలంటే సరేనండి. ఆ ఒక్కరు ఈ అమ్మాయే. పెద్ద స్టార్టరు బిగించింది ఆవిడే, మూడు నెలల్నుంచి అన్నీ చూస్తంది ఆవిడే. నేను వెళ్తా."

"నువ్వెక్కడికి వెళ్తావయ్యా?" అని నవ్వారు ఓనరు గారు.

"మైలవరం దగ్గర మామిడి రసం ఫ్యాక్టరీ వాళ్ళు రమ్మన్నారండి. పరీక్ష కాడ కలిశారు. అప్పుడు లైసెన్సు లేక ఎక్కడికీ కదల్లేకపోయా. ఇప్పుడు ఉంది గదండీ."

ఓనరు గారి నవ్వు ఆగిపోయింది. ఈ మనిషి ఎక్కడికీ పోలేడన్నది ఇరవై నాలుగేళ్ళుగా ఆయనకి ఫ్యాక్టరీ గోడంత గట్టి నమ్మకం. బయట కంప్రెసరు చప్పుడు వినపడుతోంది. ఆయన దాన్నే వింటున్నట్టు కాసేపు కూర్చున్నారు. ఆ కంప్రెసరు ఏ చప్పుడుకి ఏం అడుగుతుందో చెప్పగల మనిషి ఈ ప్రపంచంలో ఒక్కడే, అతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఇద్దరూ ఉండండి. వెళ్ళి పని చూసుకోండి," అన్నారు చివరికి, మా వైపు చూడకుండా.

బయటికి వచ్చాం. ట్యాంకు దగ్గరికి వచ్చాక అడిగాను. "నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదేం బాబాయ్? మైలవరం వాళ్ళు ఎప్పుడు రమ్మన్నారు?"

మేస్త్రి గారు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "మైలవరం ఎటేపు ఉంటదమ్మా?" అన్నాడు.